కారు వెనుక సీటు దగ్గర ఛార్జింగ్ సాకెట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, మాది అయిదుగురు కూర్చునే చిన్న పెట్రోలు కారు. ఛార్జింగ్ సాకెట్ ముందు గేరు రాడ్డు దగ్గర ఒక్కటే ఉంది. మా మామగారికి షుగరు, ఆయాసం రెండూ ఉన్నాయి. ఆయనను నెలనెలా వేలూరు ఆసుపత్రికి తీసుకువెళ్తుంటాము, వేసవిలో హైదరాబాదులోని మా ఆడపడుచు ఇంటికి కూడా కారులోనే వెళ్తాము. ఆయన వెనుక సీట్లోనే కూర్చుంటారు గనుక ఇన్సులిన్ పెట్టుకునే కూల్ బాక్సుకు, నెబ్యులైజరుకు, ఫోన్లకు పనికొచ్చేలా వెనుక ఒక సాకెట్ పెట్టించాలనుకుంటున్నాము. ఒక ఎలక్ట్రీషియన్ ముందు సాకెట్ నుంచే వైరు లాగితే అరగంటలో పని అయిపోతుందన్నారు. ఇంకొకరు బ్యాటరీ దగ్గరి నుంచి విడిగా వైరు తేవాలి, రిలే పెట్టాలి, ఒక పూట పడుతుందన్నారు. ఖర్చు కూడా మూడింతలు చెప్పారు. ఇంత పని నిజంగా అవసరమా? (ఒక పాఠకురాలు, మురకంబట్టు, చిత్తూరు)

జవాబు: అమ్మా, రెండవ ఎలక్ట్రీషియన్ చెప్పినదే సరైన పద్ధతి. మొదటివారు చెప్పినది ఒకటి రెండు ఫోన్ల వరకు సరిపోతుంది. మీరు రాసిన వస్తువులకు సరిపోదు. ఎందుకు సరిపోదో తెలిస్తే, పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి ఏమి అడగాలో, దేనికి ఒప్పుకోకూడదో మీకే బోధపడుతుంది గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

సాకెట్ కొనడానికి ముందే దానికి ఏమేమి తగిలిస్తారో లెక్క వేసుకోవాలి. ప్రతి పరికరం మీదా అది ఎన్ని వాట్లదో రాసి ఉంటుంది. ఆ అంకెను 12తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. కూల్ బాక్సు 50 వాట్లదైతే నాలుగు ఆంపియర్ల పైచిలుకు. 65 వాట్ల టైప్-సి ఛార్జరు నిండుగా పనిచేస్తే, మధ్యలో పోయే నష్టంతో కలిపి ఆరు ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండూ ఒకేసారి నడిచినప్పుడు పది ఆంపియర్లు అవుతుంది. నెబ్యులైజరు సంగతి వేరు. ఇళ్లలో వాడే కంప్రెసరు రకం 230 వోల్టుల ఏసీ కరెంటుతో నడిచేది. దానిని కారు సాకెట్‌కు నేరుగా తగిలించడానికి వీలులేదు, దానికోసం ఇన్వర్టరు పెట్టించమని నేను చెప్పను. మెష్ రకం చిన్న నెబ్యులైజర్లు యూఎస్‌బీతో ఛార్జి అవుతాయి, చేతిలో ఇమిడిపోతాయి, ఫోను కంటే ఎక్కువ కరెంటు తీసుకోవు. మీ మామగారికి ఇచ్చే మందు ఆ రకం యంత్రంలో వాడవచ్చునేమో డాక్టరుగారిని అడగండి. వాడవచ్చునంటే ప్రయాణానికి అదే మేలు.

కూల్ బాక్సు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. తక్కువ ధరకు దొరికే వాటిలో కంప్రెసరు ఉండదు. ఒక ఎలక్ట్రానిక్ పలక ఒకవైపు చల్లబడి మరొకవైపు వేడెక్కుతుంది, ఫ్యాను ఆ వేడిని బయటికి తోస్తుంది. ఇటువంటి బాక్సు చుట్టూ ఉన్న గాలి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు మాత్రమే తక్కువగా లోపలిని ఉంచగలదు. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండలో ఆపిన కారులో వేడి యాభై డిగ్రీలు దాటినప్పుడు ఈ బాక్సు ఎంత తిరిగినా లోపల ముప్పై ఉంటుంది. కాబట్టి హైదరాబాదు ప్రయాణానికి కంప్రెసరు ఉన్న చిన్న ఫ్రిజ్ తీసుకోండి, లేదంటే మంచి ఐస్ బాక్సులో ఐస్ ప్యాకులు పెట్టి, సీసాలు వాటికి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టండి. ఇన్సులిన్ గడ్డకడితే మళ్లీ పనికిరాదు. వేలూరు చిత్తూరు నుంచి గంట దారి. ఆ మాత్రానికి ఐస్ ప్యాకు చాలు, ఏ సాకెట్టూ అక్కరలేదు.

ఇప్పుడు ముందు సాకెట్ నుంచి వైరు లాగడం గురించి. మీ కారు ఫ్యూజ్ బాక్సు మూత లోపలివైపు ఒక పటం ఉంటుంది. అందులో సాకెట్ గుర్తుకు ఎదురుగా 10, 15, 20లలో ఏదో ఒక అంకె కనిపిస్తుంది. కారు తయారు చేసినవారు ఆ ఫ్యూజ్‌కు తగిన మందంగల వైరును, ముందున్న ఒక్క సాకెట్ కోసం, కొద్ది దూరానికి వేశారు. అదే వైరుకు కోత పెట్టి వెనుకకు మరో వైరు లాగితే, ముందు కూర్చున్నవారు ఫోను ఛార్జరు, వెనుక కూర్చున్నవారు కూల్ బాక్సు తగిలించినప్పుడు రెండు లోడులూ ఒకే ఫ్యూజ్ మీద పడతాయి. ఫ్యూజ్ పోతుంది. అంతవరకు ప్రమాదం లేదు, అది చేయవలసిన పని అది చేసింది. ప్రమాదం ఆ తరువాత మొదలవుతుంది: మాటిమాటికీ పోతోందని ఎవరో ఒకరు ఎర్ర ఫ్యూజ్ తీసి పసుపుది పెడతారు. బ్లేడు ఫ్యూజ్‌లలో ఎరుపు 10 ఆంపియర్లది, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. రంగు మారింది గాని లోపలి వైరు మారలేదు. ఇక ఫ్యూజ్ కరగడానికి ముందు డ్యాష్‌బోర్డు వెనుక వైరే కాగుతుంది.

ఇటువంటి కార్లలో ముందు సాకెట్‌ను ఊడదీసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. వెనుక భాగంలో తెల్లగా ఉండవలసిన ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, మధ్యనున్న స్ప్రింగు పలుకు నల్లబడి బిగువు కోల్పోయి ఉంటుంది, కనెక్టరు లాగితే ఒక పట్టాన రాదు. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. నెలల తరబడి కొంచెం కొంచెంగా కాగి కాగి అలా అవుతుంది, అప్పటిదాకా బయటికి ఏమీ కనిపించదు.

బ్యాటరీ నుంచి విడిగా వైరు తెచ్చేటప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనది ఫ్యూజ్ ఎక్కడ ఉందన్నది. మన చెరువులకు తూము కట్ట దగ్గరే ఉంటుంది గాని పొలం గట్టున ఉండదు. కాలువ మధ్యలో ఎక్కడ తెగినా తూము మూస్తే నీళ్లు ఆగుతాయి. ఫ్యూజ్ కూడా బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. కొందరు అందంగా ఉంటుందని, మార్చడం సులభమని వెనుక సాకెట్ పక్కన ఫ్యూజ్ పెడతారు. అప్పుడు బ్యాటరీ నుంచి సీటు దాకా ఉన్న నాలుగైదు మీటర్ల వైరుకు ఏ రక్షణా ఉండదు. ఇంజను గదికి, లోపలికి మధ్యనున్న రేకు అంచు ఆ వైరు తోలును కోసిందంటే బ్యాటరీలోని శక్తి అంతా ఆ ఒక్క చోట బయటపడుతుంది. కారు బ్యాటరీ షార్ట్ అయినప్పుడు వందల ఆంపియర్లు ఇవ్వగలదు. ఫ్యూజ్ కాపాడేది వైరునని, ఫోనునో ఫ్రిజ్‌నో కాదని ప్రతి వాహనదారుడూ తెలుసుకోవాలని నా కోరిక. మీ అవసరానికి 15 ఆంపియర్ల నీలం ఫ్యూజ్, నీరు చొరని మూతగల హోల్డరులో పెట్టించండి. కొనే సాకెట్ మీద 15 ఆంపియర్లు లేదా 180 వాట్లు అని ఉండాలి. బజారులో 10 ఆంపియర్లు, 120 వాట్లు అని రాసినవే ఎక్కువ. అది తీసుకుంటే ఫ్యూజ్ కూడా 10దే పెట్టాలి.

వైరు మందం విషయంలో పిసినారితనం పనికిరాదు. 12 వోల్టుల వ్యవస్థలో ఒక్క వోల్టు పోవడమంటే చాలా పోవడం. రాగి వైరు ఒక చదరపు మిల్లీమీటరుదైతే, అయిదు మీటర్ల దూరంలో పది ఆంపియర్లు పంపినప్పుడు దాదాపు 0.9 వోల్టులు దారిలోనే వేడిగా మారిపోతాయి. 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది 0.35 నుంచి 0.4 వోల్టు. కంప్రెసరు ఫ్రిజ్‌లు వోల్టేజి తగ్గితే తమంతట తామే ఆగిపోయేలా తయారవుతాయి గనుక, సన్నని వైరు వేస్తే బ్యాటరీ బాగానే ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంటుంది. అప్పుడు తప్పు ఫ్రిజ్‌దని దుకాణం చుట్టూ తిరుగుతారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆటోమొబైల్ వైరు అని అడిగి తీసుకోండి. ఇంటి వైరింగులో మిగిలిన ముక్క వాడతానంటే వద్దనండి. మామూలు ఇంటి వైరు తోలు 70 డిగ్రీల వేడి వరకు తట్టుకునేది. ఇంజను గదిలో, పైగా మే నెలలో తిరుపతి, చిత్తూరు ఎండలో, ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. ఆటో వైరు తోలు అంతకంటే ఎక్కువ వేడికి తయారైనది, లోపలి తీగలు సన్నగా, ఎక్కువగా ఉంటాయి గనుక అదురుకు తెగవు.

ఇక రిలే ఎందుకో చెబుతాను. తాళం తిప్పినప్పుడు మాత్రమే సాకెట్‌కు కరెంటు వెళ్లనిచ్చే స్విచ్చు అది. రిలే లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వచ్చిన సాకెట్‌లో కారు ఆపి తాళంచెవి తీసేసినా కరెంటు ఉంటుంది. చిన్న కార్ల బ్యాటరీ తరచుగా 35 ఆంపియర్-అవర్లది, అంటే ఒక ఆంపియరు చొప్పున 35 గంటలు ఇవ్వగలిగినది. నాలుగు ఆంపియర్లు లాగే కూల్ బాక్సును మరిచిపోయి కారు ఆపి వెళ్తే ఎనిమిది గంటల్లో 32 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. ఇక సెల్ఫ్ తిరగదు. తిరుమలలో కారు పార్కింగులో పెట్టి దర్శనానికి వెళ్లినవారు ఎప్పుడు తిరిగి వస్తారో చెప్పలేము. చంటిపిల్లలతో, పెద్దవారితో తిరిగి వచ్చేసరికి బండి కదలకపోతే పడే ఇబ్బంది అనుభవించినవారికే తెలుసు. పైగా కారు బ్యాటరీ ఇంజనును తిప్పడానికి తయారైనది, అడుగంటా ఖాళీ చేసి నింపడానికి కాదు. అలా నాలుగైదుసార్లు జరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోవచ్చు. కరకంబాడిలో అమరరాజా వారి కర్మాగారం ఉన్న ప్రాంతం మనది, బ్యాటరీ సంగతి తెలిసినవారికి ఇక్కడ కొదవలేదు; ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు.

రిలే అమరిక కష్టమైనదేమీ కాదు. నాలుగు కాళ్ల రిలే మీద 30, 87, 85, 86 అనే అంకెలు అచ్చువేసి ఉంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాటి వచ్చిన వైరు 30కి, వెనుకకు వెళ్లే వైరు 87కి. 85 ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్‌తో కలిసి ఉన్న కారు బాడీ రేకుకు. 86కు తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే చోటి నుంచి సన్నని వైరు ఇవ్వాలి. ఆ చోటు ముందు సాకెట్ ఫ్యూజే కావచ్చు. రిలే చుట్ట తీసుకునేది ఆంపియరులో అయిదో వంతు కూడా ఉండదు గనుక పాత వైరు మీద భారం పడదు. దీనికి వైరు కోయనవసరం లేదు. ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న భాగం దొరుకుతుంది, అది ఫ్యూజ్ ఉన్న గాడిలోనే కూర్చుంటుంది. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజను కంప్యూటరు అని పటంలో రాసి ఉన్న ఫ్యూజ్‌ల జోలికి మాత్రం పోనివ్వవద్దు. రిలేను డ్యాష్‌బోర్డు కింద, ఫ్యూజ్ బాక్సు దగ్గర, కాళ్లు కిందివైపుకు ఉండేలా బిగిస్తే నీరు నిలవదు.

వైరు దారి గురించి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. ఇంజను గదిలో నుంచి లోపలికి వైరు రావడానికి కంపెనీ వైర్ల గుత్తి వచ్చే పెద్ద రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు వైరును కోయకుండా రంధ్రానికి తొడిగే రింగు) ఉంటుంది. ఆ రబ్బరులోనే, వైర్ల గుత్తి పక్కన, మరొక సన్నని రంధ్రం చేసి, వైరుకు గొట్టం తొడిగి దూర్చాలి. రేకుకు కొత్తగా రంధ్రం పెట్టవలసి వస్తే దానికి గ్రోమెట్ తప్పనిసరి. అక్కడి నుంచి తలుపు గడప మీది ప్లాస్టిక్ పలకల కింద, కంపెనీ వైర్లు వెళ్లే కాలువలోనే వెనుకకు తీసుకువెళ్లాలి. ముందు సీటు జరిగే పట్టాల కింద నుంచి పోనిస్తే ఎప్పుడో ఒకప్పుడు సీటు జరిపినప్పుడు నలుగుతుంది. సీట్ల కింద, తలుపుల పక్కనున్న స్తంభాల్లో పసుపు రంగు గొట్టంలో గాని పసుపు కనెక్టరుతో గాని వైరు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగుది. దానికి కట్టడం, దానిని పక్కకు లాగడం, దానికి టెస్ట్ లైటు పెట్టి చూడడం ఏదీ చేయరాదు. చాలా చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు వెనుక సీటు కిందే ఉంటుంది గనుక అక్కడ స్క్రూ బిగించడానికి డ్రిల్లు పెట్టనివ్వకండి.

అతుకులను మెలితిప్పి నల్ల టేపు చుట్టడం మన దగ్గర బాగా అలవాటైన పని. రెండు ఎండలు తిరిగేసరికి ఆ టేపు జిగురు కారి, చుట్టలు జారి, రాగి బయటపడుతుంది. లగ్గులను (వైరు కొసకు తొడిగే లోహపు ముక్కలను) ప్లయరుతో నొక్కకుండా క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కించి, వేడికి ముడుచుకునే స్లీవు వేయించండి. నేల తివాచీ కింద అతుకు అసలే వద్దు. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఎన్నో కార్లలోకి నీళ్లు వచ్చాయి. అంత వరద రాకపోయినా తడి చెప్పులతో ఎక్కే వానాకాలంలో తివాచీ కింద తేమ నెలల తరబడి ఆరదు, ఆ తేమలో రాగి పచ్చబడుతుంది.

సగం ఫిర్యాదులకు మూలం ఎర్త్. సాకెట్ పనిచేస్తుంది, పనిచేయదు, ఫోను ఛార్జి అవుతుంది గాని ఫ్రిజ్ నడవదు అంటూ వచ్చేవి చాలావరకు ఎర్త్ తప్పులే. పాజిటివ్ వైరు ఎంత మందమో ఎర్త్ వైరూ అంతే మందం ఉండాలి. వెనుక సీటు పక్క పలక విప్పితే కంపెనీవారు ఎర్త్ కోసమే పెట్టిన బోల్టు సాధారణంగా కనిపిస్తుంది. 10 నంబరు స్పానరుకు వస్తుంది. అది లేకపోతే బాడీ రేకు మీద ఒక చోట, రూపాయి బిళ్లంత మేర, రంగూ దాని కింది ప్రైమరూ పోయి ఉక్కు తళుక్కుమనే దాకా గరుకు కాగితంతో రుద్ది, గుండ్రటి లగ్గు, స్ప్రింగు వాషరు వేసి బిగించాలి, ఆ తరువాత తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయాలి. సీటు బెల్టు బోల్టును ఎర్త్‌కు వాడడం నేరంతో సమానం. ఇంజను తనంతట తాను ఆగి మొదలయ్యే కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద కరెంటును కొలిచే చిన్న పెట్టె ఉంటుంది. ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కే బిగిస్తే ఈ సాకెట్ వాడకం దాని లెక్కలోకి రాదు, బ్యాటరీ ఛార్జింగు తప్పుతుంది. ఎర్త్ బాడీకే ఇవ్వాలి.

సాకెట్‌ను ముందు సీట్ల మధ్య పెట్టె వెనుక ముఖాన, మోకాళ్లు తగలని ఎత్తులో, మూతగలది పెట్టించండి. పిల్లలు నాణేలు దూర్చే ఎత్తది, అందుకే మూత. గుండ్రటి సాకెట్ ఒకటి కూల్ బాక్సుకు, దాని పక్కనే యూఎస్‌బీ పోర్టు ఒకటి ఫోన్లకు ఉంటే చాలు.

పని అయ్యాక డబ్బు ఇచ్చే ముందు మల్టీమీటరుతో మూడు కొలతలు చూపించమనండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. కూల్ బాక్సు నడుస్తుండగా వెనుక సాకెట్ దగ్గర కొలిస్తే ఆ అంకెకూ ఈ అంకెకూ అర వోల్టు మించి తేడా రాకూడదు. వస్తే ఎర్త్ మళ్లీ విప్పించండి. మూడవది ఓపికతో చేయవలసినది. కారు ఆపి తాళంచెవి తీసేసి, తలుపులు మూసి, నెగటివ్ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును ఆంపియర్లలో పెట్టి అరగంట ఆగితే, కారు నిద్రలో తీసుకునే కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. ఆ సమయంలో ఎవరూ తాళం తిప్పకూడదు, తిప్పితే మీటరు పోతుంది. ఈ మూడూ చూపించిన ఎలక్ట్రీషియన్‌కు అడిగినంత ఇవ్వడంలో తప్పులేదు.

ప్రశ్న: నేను తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. బండి సీఎన్‌జీది. యాత్రికులు ఫోన్ల ఛార్జింగు అడుగుతున్నారు, టైరుకు గాలి కొట్టే పంపుకు కూడా వెనుక ఒక పాయింటు కావాలి. డిక్కీలో ఒక సాకెట్ పెట్టిస్తే రెండింటికీ పనికొస్తుందా? (ఒక పాఠకుడు, తిరుచానూరు రోడ్డు, తిరుపతి)

జవాబు: మీ బండిలో డిక్కీ వద్దు. అక్కడ సిలిండరు ఉంది. సాకెట్‌లో ప్లగ్గు పెట్టినా తీసినా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, లోడు ఉన్నప్పుడు తీస్తే ఇంకా ఎక్కువ. సీఎన్‌జీ గాలి కంటే తేలిక గనుక ఆరుబయట అయితే పైకి పోతుంది. మూసి ఉన్న డిక్కీలో కొంచెం లీకైనా అక్కడే పై భాగాన నిలుస్తుంది. సాకెట్, స్విచ్చు, రిలే, ఫ్యూజ్ వీటిలో ఏదీ సిలిండరు ఉన్న గదిలో ఉండరాదు. గ్యాసు గొట్టానికి ఆనించి వైరు కట్టడం కూడా తప్పే. పై జవాబులో చెప్పినట్టు ముందు సీట్ల మధ్య పెట్టె వెనుకనే పెట్టించండి, పంపు వైరు వెనుక టైరు దాకా చాలకపోతే పొడుగు వైరున్న పంపు తీసుకోండి. గాలి పంపు పది నుంచి పదిహేను ఆంపియర్ల దాకా లాగుతుంది గనుక, అది నడిచేటప్పుడు ఫోన్లు తీసేసి, ఇంజను ఆన్‌లో ఉంచి వాడండి.

స్టేషను దగ్గర ఇంజను ఆపి యాత్రికుల కోసం ఆగినప్పుడు ఒక ఫోను ఛార్జి కావడానికి పోయేది ఒక ఆంపియరు, ఒకటిన్నర. గంటా రెండు గంటలకు బ్యాటరీకి ఏమీ కాదు. రాత్రంతా మాత్రం వదలకండి.

ప్రశ్న: సెలవుల్లో తలకోనకు కుటుంబంతో వెళ్తుంటాము. కారు సాకెట్‌కు ఇన్వర్టరు తగిలించి రైస్ కుక్కరు, మిక్సీ నడుపుకోవచ్చునా? ల్యాప్‌టాప్ సంగతి ఏమిటి? (ఒక పాఠకుడు, రేణిగుంట)

జవాబు: కుక్కరు, మిక్సీ రెండూ కుదరవు. 700 వాట్ల కుక్కరును ఇన్వర్టరు ద్వారా నడిపితే బ్యాటరీ నుంచి 65, 70 ఆంపియర్లు పోతాయి. మీ సాకెట్ ఇవ్వగలిగినది పది, పదిహేను. బ్యాటరీకి నేరుగా లావు వైర్లతో తగిలించినా, నిలబడి ఉన్న ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి బ్యాటరీని నింపే జనరేటరు) అంత కరెంటు ఇవ్వలేదు; అన్నం ఉడికేసరికి బ్యాటరీ దిగిపోతుంది. అన్నం ఇంటి దగ్గర వండుకుని వెళ్లండి. అడవిలో బండి ఆన్ చేసి గంటల తరబడి నిలపడం ఏ విధంగానూ మంచిది కాదు, అద్దాలు మూసుకుని లోపల కూర్చుంటే పొగతో ప్రాణాపాయం కూడా.

ల్యాప్‌టాప్‌కు ఇన్వర్టరు అసలు అవసరమే లేదు. 12 వోల్టులను 230 చేసి, మళ్లీ ల్యాప్‌టాప్ ఛార్జరుతో 20కి దించడంలో రెండుసార్లు నష్టం. టైప్-సి ద్వారా ఛార్జి అయ్యే ల్యాప్‌టాప్ అయితే పీడీ (పవర్ డెలివరీ) రకం 65 వాట్ల కారు ఛార్జరు కొనండి. పాత గుండ్రటి పిన్నుదైతే దానికి తగిన 12 వోల్టుల అడాప్టరు దొరుకుతుందేమో చూడండి.

ప్రశ్న: కారు కొని ఏడాది కాలేదు. వెనుక సాకెట్ పెట్టిస్తే వారంటీ పోతుందని షోరూములో భయపెడుతున్నారు. బీమాకు కూడా ఇబ్బందా? (ఒక పాఠకురాలు, పలమనేరు)

జవాబు: అమ్మా, ఆ భయంలో కొంత నిజముంది. కంపెనీ వైరు కోసి అతికిన ఆనవాలు ఉంటే, తరువాత ఎలక్ట్రికల్ లోపం ఏది వచ్చినా దానిని ఆ కోతకే అంటగట్టి వారంటీ నిరాకరించే అవకాశం వారికి దొరుకుతుంది. అందుకని మొదట మీ కారు తయారీదారు అధికారిక ఉపకరణాల జాబితాలో వెనుక ఛార్జరు ఉందేమో అడగండి. అదే మోడలులో పై రకం కారుకు వెనుక సాకెట్ ఇచ్చి ఉంటే, చాలాసార్లు మీ కారులోనూ దానికి కనెక్టరు అక్కడే కట్టి ఉంటుంది. సాకెట్ తెచ్చి తగిలిస్తే సరిపోతుంది. అలా లేకపోతే ఫ్యూజ్ ట్యాపుతో, ఒక్క వైరు కూడా కోయకుండా చేయించండి, రసీదు మీద ఏమి పెట్టారో రాయించుకోండి. వారంటీ మిగిలి ఉన్నన్నాళ్లు ఫోన్ల వరకే అవసరమైతే, ముందు సాకెట్‌కు తగిలించి వెనుకకు తీగ వచ్చే కంపెనీ ఛార్జరుతో సర్దుకోవడం నా దృష్టిలో మేలు.

బీమాలో, కంపెనీ నుంచి రాని ఎలక్ట్రికల్ సామాను విలువను ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా జతచేసే షరతు) కింద విడిగా చూపించి, దానికి అదనపు ప్రీమియం కట్టే పద్ధతి ఉంది. చిన్న సాకెట్ విలువ కోసం కాకపోయినా, కారులో ఏ మార్పు చేశారో బీమావారికి ముందే రాసి పంపడం మంచిది. రేపు ఏదైనా జరిగి సర్వేయరు వచ్చినప్పుడు, చెప్పకుండా వేసిన వైరు చూపించి క్లెయిము మీద పేచీ పెట్టడానికి అవకాశం ఉండదు.

మీది బ్యాటరీ కారు అయితే ఇంకొక్క విషయం. అందులోనూ లైట్లకు, సాకెట్లకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరుగా ఉంటుంది, పైన చెప్పినవన్నీ దానికే వర్తిస్తాయి. నారింజ రంగు తోలుతో ఉన్న లావు కేబుళ్లు మాత్రం వందల వోల్టులవి. ఆ రంగు కనిపించిన చోట బయటి ఎలక్ట్రీషియన్ చేయి పెట్టకూడదు, సాకెట్ పని కంపెనీ సర్వీసు కేంద్రంలోనే చేయించుకోవాలి.